నంద్యాల బూడిద, బంగాళాఖాతం బురద

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూ నది పారే లోయలో నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలున్న ప్రాంతం తూర్పు తీరానికి ఎంత దగ్గరి దారిన చూసినా 150 కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నది కాబట్టి, సముద్రగర్భ శాస్త్రంతో దీనికి పని ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు. అయితే ఈ లోయకు పడమట, బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే పల్లె పొలాల కింద కనబడిన తెల్లని బూడిద పొర వయసు ఎంతో, అది రాలిన కాలంలో రుతుపవనాలు ఎలా ఉండేవో, ఆ తరువాత వాతావరణం ఎటు తిరిగిందో తేల్చవలసి వచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు బంగాళాఖాతం, హిందూ మహాసముద్రాల అడుగున పేరుకున్న బురదను ఆశ్రయించక తప్పలేదు. ఆ బురదకు చేతకాని సంగతి కూడా ఒకటుంది: బూడిద రాలిన నాడు ఈ గడ్డ మీద మనుషులు ఉన్నారో లేదో సముద్రం చెప్పలేదు, జ్వాలాపురం నేల చెప్పింది. ఒకదాని లోపాన్ని ఒకటి పూడ్చుకునే ఈ రెండు సాక్ష్యాలను కలిపి చదవడమే గడచిన నలభై యాభై ఏళ్లలో పురావాతావరణ శాస్త్రం నేర్చుకున్న ముఖ్యమైన విద్య.

సముద్రపు లోతుల్లో నేల ఎలా పెరుగుతుందో ముందుగా తెలుసుకోవాలి. నదులు మోసుకొచ్చిన బంకమట్టి, ఎడారుల నుంచి గాలికి లేచిన ధూళి, అగ్నిపర్వతాలు చిమ్మిన బూడిద, నీటి పైపొరల్లో బతికి చచ్చిన సూక్ష్మజీవుల గుల్లలు, ఇవన్నీ వేల మీటర్ల నీటిని దాటుకుంటూ నెమ్మదిగా దిగి అడుగున చేరుతాయి. ఇలా చేరినదానినే అవక్షేపం అంటారు. తీరానికి దూరంగా, నదుల మట్టి అందని నడిసముద్రంలో ఇది వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి రెండు మూడు సెంటీమీటర్ల మందం మాత్రమే పెరుగుతుంది. గంగా బ్రహ్మపుత్రలు హిమాలయాల మట్టిని దించే బంగాళాఖాతంలో మాత్రం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువగా పేరుకొని, దాదాపు 3,000 కిలోమీటర్ల పొడవున, శ్రీలంకను దాటి భూమధ్యరేఖకు అవతలి దాకా విసనకర్ర ఆకారంలో పరుచుకున్నది. ఈ విసనకర్ర నడుమ అప్పుడప్పుడూ మట్టి పెళ్లలుగా జారి వరస చెడగొడుతుంది కాబట్టి, కాలక్రమం కావలసిన వారు చుట్టుపక్కల కన్నా ఎత్తుగా లేచిన సముద్రగర్భపు గట్లను ఎంచుకొని అక్కడి నుంచి మట్టిని తీస్తారు. అలాంటి చోట కిందిది పాతది, పైది కొత్తది అనే వరస లక్షల ఏళ్ల పాటు తెగకుండా దొరుకుతుంది.

నేల మీద ఆ నిలకడ ఉండదు. ఒక ఏడు పేరుకున్న ఒండ్రును మరో ఏటి వరద కోసుకుపోతుంది. ఎండకు నల్లరేగడి నేల నెరెలు విచ్చినప్పుడు పైమట్టి లోపలికి జారిపడి పాతా కొత్తా కలిసిపోతాయి. నాగలి, గొడ్డు, గని, ఇల్లు, అన్నీ దాన్ని తిరగేస్తూనే ఉంటాయి. చెదలు తిన్న కరణం దస్త్రంలో కొన్ని ఏళ్ల పద్దులు మాత్రమే మిగిలినట్టు, భూమి మీది సాక్ష్యం ముక్కలుగా దొరుకుతుంది; ఏ ముక్క ఏ ఏటిదో చెప్పడానికి ఆనవాలు వేరే చోటి నుంచి తెచ్చుకోవాలి.

సముద్రపు మట్టిలో కాలాన్నీ వాతావరణాన్నీ పట్టి ఉంచేవాటిలో మొదట చెప్పుకోవలసినవి ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవులు. ఇవి కంటికి చుక్కల్లా కూడా సరిగా కనబడనంత చిన్నవి, చాలావరకు మిల్లీమీటరులో సగానికి లోపే. అయినా ప్రతి జీవీ తన చుట్టూ గదులు గదులుగా ఒక గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్ల కాల్షియం కార్బొనేటు, అంటే బేతంచెర్ల, కొలిమిగుండ్ల గనుల నుంచి వచ్చి రాయలసీమ ఇళ్లలో నేలలకు పరిచే నాపరాయిలోని ముఖ్య పదార్థమే. జీవి చచ్చాక గుల్ల అడుగుకు దిగుతుంది. అయితే సుమారు నాలుగున్నర, ఐదు కిలోమీటర్ల లోతు దాటితే అక్కడి చల్లని నీటి ఆమ్లత్వానికి అది కరిగిపోతుంది కాబట్టి, మరీ లోతైన చోట్ల గుల్లలు లేని ఎర్రని బంకమట్టి మాత్రమే మిగులుతుంది. ఈ తేడాలను మొదట లోకానికి చూపినది 1872 చివర ఇంగ్లండు నుంచి బయలుదేరి మూడున్నర ఏళ్లు సముద్రాలు తిరిగిన చాలెంజర్ నౌక. సరిగ్గా అదే 1872లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు రాతి పొరల మీద తన ప్రసిద్ధ గ్రంథాన్ని వెలువరించాడు. అప్పట్లో ఈ రెండు పనులకూ ఒకదానితో ఒకటి సంబంధం ఉందని ఎవరూ అనుకొని ఉండరు.

గుల్లలో వాతావరణం ఎలా దాగుతుందో వివరించడం కొంచెం కష్టమైనా తప్పదు, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదనే నిలబడి ఉన్నది. ఆక్సిజన్‌లో బరువు వేరైన రకాలున్నాయి, వాటిని ఐసోటోపులంటారు. అత్యధికంగా ఉండేది తేలికైన ఆక్సిజన్-16, వెయ్యికి రెండు పాళ్లు మాత్రం బరువైన ఆక్సిజన్-18. సముద్రం ఆవిరి అయ్యేటప్పుడు తేలిక రకం ఉన్న నీరు కాస్త సులువుగా లేస్తుంది. మామూలు కాలంలో అది వానగా కురిసి నదుల వెంట మళ్లీ సముద్రానికే చేరుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. హిమయుగంలో మాత్రం అది మంచుగా కురిసి ఖండాల మీద కిలోమీటర్ల మందాన గడ్డకట్టి నిలిచిపోతుంది. అలా తేలిక నీరు భూమి మీద చిక్కుకున్నంత కాలం సముద్రంలో బరువు రకం పాలు పెరుగుతుంది, ఆ నీటితోనే గుల్ల కట్టుకునే ఫొరామినిఫెరాలోనూ పెరుగుతుంది. నీరు చల్లబడినా గుల్లలో బరువు రకం పెరుగుతుంది కనుక రెండు కారణాలు కలగాపులగం అవుతాయి. 1955లో ఈ పద్ధతితో సముద్రపు మట్టిని మొదటిసారి వరసగా చదివిన సిజేర్ ఎమిలియాని మార్పులో పెద్ద పాలు ఉష్ణోగ్రతదే అనుకున్నాడు. ఆ తరువాత కేంబ్రిడ్జిలో పనిచేసిన నికొలస్ షాకిల్టన్ అసలు పెద్ద పాలు మంచు పరిమాణానిదని చూపాడు. ఎమిలియాని పొరపడిన మాట నిజమే కాని, అతడు వేసిన గీతల వరస మాత్రం చెడలేదు. వెచ్చని దశలకు బేసి అంకెలు, చల్లని దశలకు సరి అంకెలు ఇచ్చిన అతడి లెక్కనే ప్రపంచమంతా ఈనాటికీ వాడుతున్నారు.

ఆ దశలు ఎందుకు మారతాయన్న ప్రశ్నకు గట్టి జవాబు కూడా హిందూ మహాసముద్రం నుంచే వచ్చింది. జేమ్స్ హేస్, జాన్ ఇంబ్రీ, షాకిల్టన్ ముగ్గురూ దక్షిణ హిందూ మహాసముద్రంలో తీసిన మట్టిని పరిశీలించి, హిమయుగాల రాకపోకల్లో సుమారు లక్ష ఏళ్లు, 41 వేల ఏళ్లు, 23 వేల ఏళ్ల ఆవృత్తులు ఉన్నాయని 1976లో ప్రకటించారు. ఇవి భూమి కక్ష్య సాగి కుంచించుకునే కాలానికీ, భూమి ఇరుసు వాలు మారే కాలానికీ, ఆ ఇరుసు బొంగరంలా తలతిప్పే కాలానికీ సరిపోయాయి. సూర్యుడి వేడి ఏ రుతువులో ఏ అక్షాంశానికి ఎంత అందుతుందన్నది ఈ మూడింటిని బట్టి మారుతుంది. రుతుపవనాల బలం కూడా దానితోపాటే హెచ్చుతగ్గులవుతుంది.

మట్టిని పైకి తీసే పని చెప్పినంత తేలిక కాదు. 1947-48లో స్వీడన్ వారి ఆల్బట్రాస్ యాత్ర కోసం కల్లెన్‌బర్గ్ రూపొందించిన గొట్టం బరువు కొద్దీ బురదలోకి దిగబడుతూనే, లోపలి పిస్టన్ వల్ల మట్టి నలగకుండా పైకి వచ్చేటట్టు చేసింది. అంతకు ముందు ఒకటి రెండు మీటర్ల మట్టి దక్కడమే గొప్పగా ఉండగా, దీనితో పది ఇరవై మీటర్ల పొడవున అఖండమైన మట్టి స్తంభం చేతికి వచ్చింది. ఇలాంటి స్తంభాన్నే శాస్త్రజ్ఞులు కోర్ అంటారు. ఇంకా లోతుకు పోవాలంటే డ్రిల్లింగ్ నౌక కావాలి. మన దేశంలో గోవా కేంద్రంగా 1966లో ఏర్పడి విశాఖపట్నంలోనూ శాఖ ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వారు, 1983 నుంచి సాగర్ కన్య నౌక మీద వెళ్లిన పరిశోధకులు మొదటి రకం కోర్లను విస్తారంగా తీశారు. పైకి వచ్చిన కోర్‌ను నిలువునా రెండు బద్దలుగా చీలుస్తారు. ఒక బద్ద నుంచి నమూనాలు తీస్తారు, రెండో బద్దను ముట్టకుండా చల్లని గోదాములో భద్రపరుస్తారు. అంతర్జాతీయ యాత్రల్లో హిందూ మహాసముద్రం నుంచి తీసిన కోర్లు జపానులోని కోచి నగరంలో ఉన్నాయి.

ఈ కోర్లలో బంగాళాఖాతం, ఈశాన్య హిందూ మహాసముద్రాలలో తీసినవాటిని చీల్చినప్పుడు, బూడిదరంగు బురద మధ్య ఒకచోట కొన్ని సెంటీమీటర్ల నుంచి పది దాటిన మందం గల లేత రంగు పొర పదేపదే ఎదురైంది. ఆ పొరలోని రేణువులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే అవి మట్టి కావు, గాజు. వంకర తిరిగిన పలచని పెంకులు, అక్కడక్కడా మూడు కొమ్మలుగా చీలిన ముక్కలు; కుతకుతలాడే శిలాద్రవంలో ఉబ్బిన బుడగలు పగిలినప్పుడు వాటి గోడలు ఇలా చిట్లి, మూడు బుడగలు కలిసిన చోటు మూడు కొమ్మల ముక్కగా మిగులుతుంది. రసాయనికంగా ఈ గాజులో సిలికా వందకు డెబ్బై పాళ్లకు పైగా ఉంటుంది. పొర మందం తూర్పుకు పోయేకొద్దీ పెరగడాన్ని బట్టి, దాని పుట్టుక ఇండోనేషియాలోని సుమత్రా దీవి అని తేలింది. అక్కడ సుమారు 74,000 ఏళ్ల కిందట పేలిన టోబా అగ్నిపర్వతం 2,000 ఘనకిలోమీటర్లకు మించిన శిలాద్రవాన్ని వెళ్లగక్కింది. నేల కుంగి ఏర్పడిన గొయ్యిలో ఇప్పుడు దాదాపు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు గల సరస్సు ఉన్నది. గడచిన ఇరవై లక్షల ఏళ్లలో ఇంత పెద్ద పేలుడు మరొకటి లేదు.

పేలుడు వయసు నిర్ధారణలో సముద్రపు మట్టి పాత్ర ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది. డ్రాగోస్లావ్ నింకోవిచ్, షాకిల్టన్ తదితరులు 1978లో ఈ బూడిదను ఒకవైపు పొటాసియం-ఆర్గాన్ పద్ధతిలో, అంటే రాతిలోని పొటాసియం కాలక్రమాన ఆర్గాన్ వాయువుగా మారే లెక్కతో కొలిచి, మరోవైపు ఆ పొర ఉన్న కోర్‌లో ఫొరామినిఫెరా గుల్లల ఆక్సిజన్ వరసను చూశారు. బూడిద ఎమిలియాని చెప్పిన వెచ్చని ఐదో దశ ముగిసి చల్లని నాలుగో దశ మొదలయ్యే చోట పడి ఉన్నది, రెండు లెక్కలూ 75,000 ఏళ్ల దగ్గర కలిశాయి. అరేబియా సముద్రంలోనూ, మధ్య హిందూ మహాసముద్రపు అగాధంలోనూ ఇదే బూడిద ఉన్నదని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు తరువాత చూపారు.

సుమత్రా నుంచి నంద్యాల ప్రాంతానికి దూరం 2,600 కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం గాలిలో తేలి వచ్చిన బూడిద యాగంటి, బనగానపల్లెల నడుమ జుర్రేరు వాగు లోయలో పడింది. జ్వాలాపురం దగ్గర ఒక చోట దాని మందం రెండున్నర మీటర్లు ఉండటం చూసినవారు ఆకాశం నుంచి అంత బూడిద కురిసిందని అనుకోవడం సహజమే కాని, అది నిజం కాదు. నేరుగా రాలినది అడుగున ఉన్న కొన్ని సెంటీమీటర్లు మాత్రమే. తరువాతి వానలకు చుట్టుపక్కల ఎర్రమల గుట్టల మీది బూడిదంతా కొట్టుకొచ్చి ఈ పల్లంలో నిలిచిన నీటిలో పేరుకోవడం వల్ల మిగతా మందం వచ్చింది. సముద్రపు అడుగున పది సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉన్న పొర ఇక్కడ మనిషి ఎత్తు దాటడానికి కారణం ఇదే. మందాన్ని చూసి విపత్తు తీవ్రతను అంచనా వేయకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఈ బూడిదను స్థానికంగా తవ్వి, పాత్రలు తోమే పొడుల తయారీకి అమ్ముకోవడం వల్లనే గోతుల గోడల్లో పొరలు బయటపడి పరిశోధకుల పని సులువైంది. అదే తవ్వకం వల్ల పొర కొంత శాశ్వతంగా పోయింది కూడా.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలలో పనిచేసిన మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్ తదితరులు ఇక్కడ తవ్వకాలు జరిపి 2007లో ప్రకటించిన ఫలితం పేరుమోసింది. బూడిదకు కింద ఉన్న మట్టిలోనూ, పైన ఉన్న మట్టిలోనూ మధ్య పాతరాతియుగపు పనిముట్లు దొరికాయి. సున్నపురాయి, చెర్ట్ వంటి స్థానిక రాళ్లను చెక్కి చేసిన ఆ పనిముట్ల తీరు బూడిదకు ముందూ తరువాతా పెద్దగా మారలేదు. మట్టి వయసును కొలవడానికి వారు వాడిన పద్ధతి, ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎంత కాలమైందో దానిలో నిలవైన శక్తిని కాంతిగా విడుదల చేసి లెక్కించడం. ఆ లెక్కలో కింది పొరకు సుమారు 77,000 ఏళ్లు, పై పొరకు సుమారు 74,000 ఏళ్లు వచ్చాయి. ఈ లెక్కల్లో ఆరేడు వేల ఏళ్ల అటూఇటూ ఉండటం వల్ల ఇవి ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. నడుమ ఉన్న బూడిద టోబాదని, దాని వయసు సముద్రంలో తేలినదే అని గట్టిగా తెలియకపోతే ఈ వరసకు బలం ఉండేది కాదు.

ఈ విషయంలో భూమి ఎంత తికమక పెట్టగలదో మహారాష్ట్రలోని బోరి బూడిద మీద నడిచిన వాదం చూపిస్తుంది. టోబా ఒక్కసారి పేలినది కాదు. దాదాపు 8 లక్షల ఏళ్ల కిందట కూడా అది పేలి భారతదేశం వైపు బూడిద చల్లింది, ఆ రెండు బూడిదల గాజూ రసాయనికంగా చాలా దగ్గరగా ఉంటుంది. బోరిలో ఉన్నది పాతదా కొత్తదా అన్న దానిమీద ఏళ్ల తరబడి పత్రాలు, ప్రతిపత్రాలు వెలువడ్డాయి. దాని వెంటే అక్కడి రాతి గొడ్డళ్ల వయసూ లక్షల ఏళ్ల మేర అటూ ఇటూ ఊగింది. సముద్రంలో ఈ చిక్కు లేదు. ఒకే కోర్‌లో పైన కొత్త బూడిద, ఎంతో కింద పాత బూడిద, ఆ పాతదానికి చేరువలోనే భూమి అయస్కాంత ధ్రువాలు తారుమారైన గుర్తు వరసగా కనబడతాయి. చివరిసారి ధ్రువాలు మారింది సుమారు 7.8 లక్షల ఏళ్ల కిందట కాబట్టి అది మైలురాయిగా పనికి వస్తుంది.

టోబా తరువాత ఏమైందన్నదే అసలు వివాదం. బూడిదతోపాటు లేచిన గంధకపు సూక్ష్మబిందువులు సూర్యకాంతిని అడ్డుకొని ఏళ్ల తరబడి లోకమంతా చలి ముసిరిందని, మనుషుల జనాభా అంతరించిపోయేంతగా తగ్గిందని 1990లలో ఒక వాదన బయలుదేరి బాగా ప్రచారం పొందింది. మార్టిన్ విలియమ్స్ బృందం 2009లో బంగాళాఖాతపు కోర్ ఒకటి తీసుకొని, టోబా బూడిదకు పైన ఉన్న మట్టిలోని పుప్పొడి రేణువులను లెక్కపెట్టి, అడవి పలచబడి గడ్డి, తెరిపి పెరిగాయని చూపింది. మధ్యభారతంలో నేలలోని సున్నపు గులకల కార్బన్ కూడా అదే చెప్పిందని రాసింది. జ్వాలాపురం బృందం దీన్ని ఒప్పుకోలేదు. ఆఫ్రికాలోని మలావి సరస్సు మట్టిలో టోబా గాజు దొరికిన చోట చల్లదనపు గుర్తు కనబడలేదని 2013లో మరొకరు ప్రకటించారు. ఇక్కడ సముద్రపు కోర్ ఇచ్చే ఒక సంగతిని తరచుగా మరచిపోతారు: బూడిద పడేసరికే వెచ్చని దశ ముగిసి, ఖండాల మీద మంచు పెరగడం మొదలై ఉన్నది. అంటే తరువాతి చలిలో కొంత, టోబా పేలినా పేలకపోయినా రావలసినదే. పుప్పొడిలో కనబడిన అడవి క్షీణతను మొత్తంగా అగ్నిపర్వతం ఖాతాలో రాయడం తొందరపాటు. పనిముట్లు మారలేదు కాబట్టి మనుషులకు ఏ కష్టమూ కలగలేదనడం కూడా అంతే తొందరపాటు, ఎందుకంటే ఊరు సగం చచ్చిపోయినా మిగిలిన సగం అదే గొడ్డలి చెక్కుతుంది.

నంద్యాల నేలకు సముద్రంతో ఇంతకన్నా ఎంతో పాత చుట్టరికం ఉన్నది. కింగ్ తన గ్రంథంలో వివరించిన కర్నూలు రాతి పొరలకు ఇప్పుడు శాస్త్రంలో ఉన్న పేర్లు కింది నుంచి పైకి చదివితే ఈ ప్రాంతపు బస్సు రూట్‌లా ఉంటాయి: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నర్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోవెలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల షేల్. ఇసుక గట్టిపడి ఏర్పడినది క్వార్ట్‌జైట్, బంకమట్టి గట్టిపడి పలచని రేకులుగా విడిపోయేది షేల్. పాణ్యం రాతి పలకల మీద నీటి కదలికకు ఇసుకలో ఏర్పడిన అలల గుర్తులు చేతికి తగిలేంత స్పష్టంగా ఉంటాయి. నర్జి సున్నపురాయిలోనే 3 కిలోమీటర్లకు పైగా సాగిన బెలుం గుహలు ఏర్పడ్డాయి. ఆళ్లగడ్డకు తూర్పున అహోబిలం దగ్గర లేచే నల్లమల రాళ్లు వీటన్నిటికన్నా పాతవి.

ఇవన్నీ సముద్రంలో పేరుకున్నవే అయినా, పైన చెప్పుకున్న అర్థంలో లోతు సముద్రపు అవక్షేపాలు కావు. ఖండం మీదికే పొంగి వచ్చి నిలిచిన, లోతు తక్కువైన సముద్రపు అడుగు ఇది. అందుకే ఇవి బతికి ఉన్నాయి. సముద్రపు అసలు అడుగు నిరంతరం గట్ల దగ్గర పుట్టి, ఖండాల అంచుల కింద భూగర్భంలోకి కూరుకుపోతూ ఉంటుంది కనుక, నేడు మహాసముద్రాలలో సుమారు 20 కోట్ల ఏళ్లు దాటిన నేల లేదనే చెప్పవచ్చు. కర్నూలు పొరలు 54 కోట్ల ఏళ్ల కిందట ముగిసిన ప్రొటెరోజోయిక్ మహాయుగానివి. నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఇళ్ల ముందు అరుగులకు వేసిన నాపరాయి వయసు గల అవక్షేపం ఏ మహాసముద్రంలో వెతికినా దొరకదు. అయితే ఆ కాలానికి ఫొరామినిఫెరా గుల్లలు లేవు, కాబట్టి ఆక్సిజన్ లెక్కకు ఇక్కడ పట్టు దొరకదు. రాతిలోని కార్బన్ ఐసోటోపులు, పొరల అల్లిక వంటి మోటైన గుర్తులతో సరిపెట్టుకోవాలి. విచిత్రమేమిటంటే అవుకు షేల్‌లో కూడా అగ్నిపర్వతపు బూడిద రాయిగా మారిన పొరలున్నాయి. జ్వాలాపురానికి అనతి దూరంలో, యాభై కోట్ల ఏళ్లకు మించిన ఎడంతో, ఒకే లోయలో రెండు బూడిదలు.

కాలంలో మళ్లీ ముందుకు వస్తే, తెలుగు నేల వానల చరిత్రను సూటిగా చెప్పే కోర్ గోదావరి ముఖద్వారానికి ఎదురుగా దొరికింది. సముద్రగర్భంలో మంచులా గడ్డకట్టి ఉన్న మీథేన్ నిల్వల కోసం 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జాయిడెస్ రిజల్యూషన్ నౌక కృష్ణా గోదావరి బేసిన్‌లో డ్రిల్లింగ్ జరిపినప్పుడు, 1,200 మీటర్లకు పైగా లోతున్న చోట తీసిన మట్టిలో కామిలో పాంటన్ తదితరులు ఆకుల మీది మైనాన్ని వెతికారు. ప్రతి ఆకుకూ నీరు ఆరిపోకుండా మైనపు పూత ఉంటుంది. అది చెడకుండా నది వెంట సముద్రానికి చేరుతుంది. చెట్లు, వరి వంటివి కార్బన్‌ను ఒక పద్ధతిలో పట్టుకుంటే, ఎండకు తట్టుకునే గడ్డి జాతులు, వాటితోపాటు జొన్న, కొర్ర, సజ్జ మరో పద్ధతిలో పట్టుకుంటాయి. ఆ తేడా మైనంలోని కార్బన్-13 పాలులో తెలిసిపోతుంది. ఆ లెక్క ప్రకారం గోదావరి పరీవాహక ప్రాంతంలో సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి పొడికి ఓర్చే మొక్కలు క్రమంగా పెరుగుతూ వచ్చి, 1,700 ఏళ్ల కిందటికి అదే స్థిరపడిపోయిందని 2012లో ప్రకటించారు. అడవి గడ్డి వదిలిన మైనానికీ, జొన్నచేను వదిలిన మైనానికీ మాత్రం ఈ పద్ధతిలో తేడా తెలియదు. అదే కోర్‌ను మళ్లీ పరిశీలించిన లివియు జోసాన్ బృందం, వానలు తగ్గిన ఆ కాలంలోనే దక్కను నుంచి కొట్టుకొచ్చిన మట్టి బాగా పెరిగిందని, అడవి పోయి సాగు విస్తరించడంతో నేలకు రక్షణ లేకుండా పోయిందని 2017లో రాసింది. అంటే బురద మందం పెరిగిందంటే వాన పెరిగిందని అర్థం కానక్కరలేదు.

ఇంకా వెనక్కి పోయే చరిత్రను 2014-15 శీతాకాలంలో ఇదే నౌక ఒడిశా తీరానికి ఎదురుగా, మహానది మట్టి చేరే చోట తీసిన కోర్ ఇచ్చింది. స్టీవెన్ క్లెమెన్స్ బృందం దానితో 9 లక్షల ఏళ్ల రుతుపవనాలను కట్టి చూపి, వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఖండాల మంచు తగ్గిన కాలాల్లో వానలు హెచ్చాయని, రాబోయే కాలానికి కంప్యూటర్ నమూనాలు చెబుతున్న దిశ కూడా ఇదేనని 2021లో తేల్చింది. పరిశోధకులు ఇక్కడ ఉప్పదనాన్ని వాడుకున్నారు: రుతుపవనం బలపడితే నదుల మంచినీరు బంగాళాఖాతం పైపొరను పలచన చేస్తుంది, ఆ పలచదనం గుల్లల్లోని ఆక్సిజన్‌లో కనబడుతుంది, గుల్లల్లోని మెగ్నీషియం నుంచి ఉష్ణోగ్రతను వేరుగా తెలుసుకొని తీసివేస్తే మిగిలినది ఉప్పదనం లెక్క.

కుందూ లోయ మట్టి కూడా బంగాళాఖాతానికి చేరవలసినదే. కుందూ దక్షిణంగా పారి కడప జిల్లాలో పెన్నాలో కలుస్తుంది, పెన్నా నెల్లూరు దాటి సముద్రంలో పడుతుంది. నంద్యాల జిల్లా ఉత్తరపు అంచున కృష్ణ పారుతున్నది. 2022లో ఏర్పడిన ఈ జిల్లాలోనే ఉన్న శ్రీశైలం జలాశయం మొదట 308 టీఎంసీల నీటిని పట్టగలిగేది. తరువాతి సర్వేల్లో అది సుమారు 216 టీఎంసీలకు తగ్గింది. ఆ తేడా ఎగువ నుంచి వచ్చి ఆనకట్ట వెనుక ఆగిపోయిన పూడిక. పెన్నా మీద సోమశిల, కృష్ణ మీద నాగార్జునసాగర్, ఎగువన ఆల్మట్టి కూడా తమ వంతు మట్టిని నిలిపేస్తున్నాయి. కృష్ణా పెన్నాల ముఖద్వారాలకు ఎదురుగా తీయబోయే కోర్లలో ఇరవయ్యో శతాబ్దపు రెండో సగం నుంచి నదుల మట్టి ఒక్కసారిగా పలచబడి కనబడాలి. ఎగువ ఆనకట్టల చరిత్ర తెలియనివారు దాన్ని చదివితే అది పెద్ద కరువు గుర్తు అనే అనుకుంటారు.